ముక్కలైన డీఎన్‌ఏ, మిగిలిన ప్రొటీన్లు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు, తన గురించి నలుగురిలో మంచి చెబితే లేచి వెళ్లిపోయేవారు. కనుక ఒక్క మాట చెప్పి విషయంలోకి వస్తాను. ఎవరు ఏ ఫలితం పట్టుకొచ్చినా ఆయన ముందు అడిగేది ఒకటే: “బాగుందయ్యా, ఇంతకీ నువ్వు కొలిచింది ఏమిటి?” తెలుసుకోవాలనుకున్నది కొలిచావా, చేతిలో ఉన్న పరికరంతో కొలవడానికి వీలైనది కొలిచావా అని దాని భావం. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న బాక్టీరియా కథలో ఆ ప్రశ్న అడగాల్సిన చోటు ఒకటి వస్తుంది.

1956లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, కార్వాలిస్ ఊళ్లో, వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆర్థర్ ఆండర్సన్ బృందం మాంసం డబ్బాలను రేడియేషన్‌తో నిల్వ చేయవచ్చా అని చూస్తోంది. బతికున్నదేదీ మిగలదనుకున్న మోతాదు ఇచ్చిన డబ్బాలో మాంసం చెడిపోయింది. అందులోంచి ఎర్రటి గులాబీ రంగులో, రెండేసి నాలుగేసి కణాలు అంటుకుని ఉండే ఒక గుండ్రటి బాక్టీరియా బయటపడింది. మొదట మైక్రోకోకస్ రేడియోడ్యూరన్స్ అన్నారు. 1981లో దాన్ని వేరే ప్రజాతిగా గుర్తించి డైనోకోకస్ రేడియోడ్యూరన్స్ అని పిలిచారు. ఇది స్పోరుగా మారి దాక్కునే రకం కాదు. మనకు జబ్బు చేసేదీ కాదు. మామూలు పోషకాలు వేసిన పళ్లెంలో హాయిగా పెరుగుతుంది. అందుకే డెబ్బై ఏళ్లుగా ఇది పరిశోధకుల చేతుల్లో ఉంది.

ఎంత రేడియేషన్‌ను తట్టుకుంటుంది? కొలమానం గ్రే. ఒక కిలో పదార్థం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. మనిషి శరీరమంతటికీ ఒక్కసారిగా 5 గ్రేలు తగిలితే, వైద్యం అందకపోతే కొన్ని వారాల్లో ప్రాణం పోవచ్చు. అమెరికాకు ఎగుమతి చేసే మన మామిడిపండ్లలో పురుగు వ్యాపించకుండా ఇచ్చేది 400 గ్రేలు. మన పేగుల్లో ఉండే ఈ.కోలి కొన్ని వందల గ్రేలకే చాలావరకు చస్తుంది. డైనోకోకస్ 5,000 గ్రేలు తీసుకుని దాదాపు ఏమీ నష్టపోకుండా మళ్లీ పెరుగుతుంది. 10,000 దాటాక గానీ చెప్పుకోదగ్గ సంఖ్యలో చావదు.

విద్యార్థులు ఇంటికి వెళ్లాక ఒక చిన్న లెక్క చేసి చూడండి. 5,000 గ్రేలు అంటే కిలోకు 5,000 జౌళ్లు. అంత శక్తి మొత్తం వేడిగా మారితే కిలో నీళ్లు వేడెక్కేది ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు కాస్త పైన. మనిషిని చంపే 5 గ్రేలతో అయితే డిగ్రీలో వెయ్యో వంతు. కాబట్టి రేడియేషన్ చంపేది శక్తి ఎక్కువై కాదు. ఆ కొద్దిపాటి శక్తి ఎక్కడ పడిందన్నది ముఖ్యం. కణంలో ఎక్కువ భాగం నీరే గనుక ఎక్కువగా దెబ్బ తగిలేది నీటి అణువులకు. అవి చీలి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది ఎదురైనదాన్ని ఎదురైనచోటే దెబ్బతీస్తుంది. దానితోపాటు సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడతాయి. ఈ రెండింటి పేర్లు గుర్తుపెట్టుకోండి.

డీఎన్‌ఏకు తగిలే దెబ్బల్లో పెద్దది రెండు పోగులూ ఒకేచోట తెగడం; దీన్ని జంట తెంపు అందాం. ఒక పోగే తెగితే ఎదురుపోగు చూసి సరిచేసుకోవచ్చు. రెండూ తెగితే చూసి రాయడానికి అక్కడ ఏమీ మిగలదు, చివర్లు విడిపోతాయి. మనిషి కణంలో ఒక గ్రేకు ఇలాంటివి సుమారు 35 నుంచి 40 దాకా ఏర్పడతాయి. డైనోకోకస్ జన్యుసముదాయం మనిషి కణంలోని మొత్తం డీఎన్‌ఏలో దాదాపు రెండు వేలో వంతు, 33 లక్షల అక్షరాల కన్నా కొంచెం తక్కువ. అంత చిన్నదాన్ని 7,000 గ్రేలు వందకు పైగా ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్కలో 20 నుంచి 30 వేల అక్షరాలు ఉంటాయి.

ఈ బాక్టీరియా తన డీఎన్‌ఏకు ఏదో కవచం తొడుక్కుందని చాలామంది అనుకుంటారు. పత్రికల్లోనూ అలా రాస్తుంటారు. అది నిజం కాదు. ఒక గ్రేకు, ఇంత పొడవు డీఎన్‌ఏకు, ఇన్ని తెంపులు పడతాయన్న లెక్క అన్ని జీవులకూ ఇంచుమించు ఒకటే. దీని డీఎన్‌ఏ కూడా అందరి డీఎన్‌ఏ తెగినట్టే తెగుతుంది. తేడా తెగిన తర్వాత కనిపిస్తుంది.

ఆ తర్వాత జరిగేదాన్ని జెల్ మీద చూడవచ్చు. రేడియేషన్‌కు ముందు, నిర్ణీతమైన చోట్ల డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ వేసి జెల్‌లో పరుగెత్తిస్తే స్పష్టమైన పట్టీలు వస్తాయి. 7,000 గ్రేలు ఇచ్చిన వెంటనే చూస్తే పట్టీలు ఉండవు. కిందికంటా అలికినట్టు మసక మరక మాత్రం ఉంటుంది. గంటన్నరదాకా పెద్దగా మార్పు లేదు. ఆపైన చకచకా, మూడు గంటలు దాటేసరికి పట్టీలన్నీ మొదటున్న చోటే, మొదటున్న వరుసలోనే మళ్లీ కనిపిస్తాయి. ఈ పని పూర్తయ్యేదాకా కణం విభజన జోలికి పోదు.

ఇది ఎలా సాధ్యమో 2006లో మిరోస్లావ్ రాడ్‌మన్ బృందం నేచర్ పత్రికలో వివరించింది. దాన్ని తెలుగువాళ్లకు చెప్పడానికి నాకు సి.పి. బ్రౌన్ పని గుర్తొస్తుంది. ఆయన కడపలో పండితులను కూర్చోబెట్టి మన కావ్యాల తాళపత్ర ప్రతులు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. అలాంటి ప్రతుల్లో ఒకదానికి మొదటి ఆకులు ఉండవు, ఒకదాన్ని నడుమ చెదలు తినేస్తాయి, ఇంకొకటి చివర విరిగిపోతుంది. అయితే అన్నీ ఒకేచోట పాడవడం అరుదు. మొదటి ప్రతి తెగిపోయిన చోటి పద్యం రెండో ప్రతి మధ్యలో కనిపించిందంటే, అక్కడి నుంచి దాన్ని చూస్తూ రాసుకుపోవచ్చు. అది ఆగినచోట మూడోదాన్ని అందుకోవచ్చు.

డైనోకోకస్ కణంలో జన్యుసముదాయానికి నాలుగు నుంచి పది ప్రతులు ఉంటాయి. రేడియేషన్ వాటిని ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది గనుక ఒక ప్రతి తెగినచోట మరొకటి అతుక్కునే ఉంటుంది. ముందుగా ఎంజైములు ప్రతి ముక్క చివరా రెండు పోగుల్లో ఒకదాన్ని కొంతదూరం కొరికేస్తాయి. అలా మిగిలిన ఒంటిపోగు, రెక్‌ఏ అనే ప్రొటీన్ సాయంతో, తనలాంటి అక్షరాల వరుస ఉన్న వేరే ముక్కలోకి చొరబడుతుంది. ఆ ముక్కను చూస్తూ డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఒంటిపోగును పొడిగిస్తుంది. మామూలు మరమ్మత్తులో ఈ పొడిగింపు కొద్ది దూరమే. ఇక్కడ వేల అక్షరాలు సాగుతుంది. కణమంతా ఇలాంటి పొడవాటి ఒంటిపోగులు తయారవుతాయి. వాటిలో ఒకదానికొకటి పూరకమైన అక్షరాలున్నవి జతకడతాయి. దాంతో జంటపోగుల పెద్దపెద్ద తునకలు సిద్ధమవుతాయి. చివరికి వాటిని రెక్‌ఏ మళ్లీ కలిపి, ముందున్నట్టే వలయాకారపు క్రోమోజోమ్ చేస్తుంది. రాడ్‌మన్ బృందం కొత్తగా కట్టిన డీఎన్‌ఏకు గుర్తు పెట్టి చూసింది. బాగుపడిన క్రోమోజోమ్ పొడవునా పాత భాగాలు, కొత్త భాగాలు ఒకదాని పక్కన ఒకటి అతుకులుగా కనిపించాయి.

బ్రౌన్ పండితులతో పోలిక ఒక్కచోట నిలవదు. వాళ్లు చదివి అర్థం చేసుకుని పోల్చగలరు. ఎంజైమ్‌కు అర్థం తెలియదు, ఎదురెదురు అక్షరాలు జతకుదిరాయా లేదా అన్నదే తెలుస్తుంది. జన్యువుల్లో ఒకే వరుస పదేపదే వచ్చేచోట్ల, ఒక ముక్క వెళ్లి పొరపాటు చోట అతుక్కోవచ్చు. వందకు పైగా ముక్కల్లో అలాంటి పొరపాటు ఒక్కటి జరిగినా క్రోమోజోమ్ తారుమారు కావాలి. అది దాదాపు జరగకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ వివరణ విన్నవాళ్లు సహజంగా అనుకునేది, దీనికి మహా గొప్ప మరమ్మత్తు యంత్రాంగం ఉండి ఉంటుందని. పరిశోధకులూ అలాగే అనుకున్నారు. 1999లో దీని జన్యుక్రమం సైన్స్ పత్రికలో వచ్చింది. రెండు క్రోమోజోమ్‌లు, ఒక మెగాప్లాస్మిడ్, ఒక చిన్న ప్లాస్మిడ్. మరమ్మత్తు జన్యువుల జాబితాను ఆత్రంగా తిరగేస్తే ఉన్నవన్నీ పాత ముఖాలే. ఈ.కోలిలో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి. పైగా ఈ.కోలిలో ఉన్న కొన్ని ఇక్కడ లేవు. ఈ.కోలిలో జంట తెంపులను సరిచేసే పనిలో ముందుండే రెక్‌బీసీడీ అందులో ఒకటి.

అంతకన్నా ముందే ఒక ప్రయోగం, రహస్యం మరమ్మత్తు ఎంజైముల్లో లేదన్న సూచన ఇచ్చింది. అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదేమో. డైనోకోకస్‌లో డీఎన్‌ఏ పాలిమరేజ్ 1 జన్యువును పాడుచేస్తే అది రేడియేషన్‌కు తేలిగ్గా చస్తుంది. 1994లో కెన్నెత్ మింటన్ బృందం ఆ లోపం ఉన్న కణాల్లో ఈ.కోలి పాలిమరేజ్‌ను పెట్టి చూసింది. పోయిన శక్తి తిరిగొచ్చింది. ఈ.కోలిలో ఉన్నంతకాలం ఈ.కోలిని కాపాడలేకపోయిన ఎంజైమే, డైనోకోకస్‌లోకి వచ్చేసరికి వందల ముక్కలు అతకడంలో పాలుపంచుకుంది. పనిముట్టు అదే. అది పనిచేసే చోటు మారింది.

ప్రతులు ఎక్కువ ఉండటమే రహస్యమా? అదీ సరిపోదు. ఒకటికి మించి జన్యుప్రతులున్నా రేడియేషన్‌కు తట్టుకోలేని బాక్టీరియాలు చాలానే ఉన్నాయి. 2003లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన అబ్రహాం మిన్‌స్కీ బృందం, దీని డీఎన్‌ఏ బిగుతైన వలయంగా చుట్టుకుని ఉంటుందని, అందుకే తెగిన ముక్కలు చెల్లాచెదురు కావని ప్రతిపాదించింది. తర్వాత వేరేవాళ్లు గడ్డకట్టించిన కణాలను పలుచగా కోసి చూసి దీన్ని ప్రశ్నించారు. వినడానికి అందంగా ఉంది గనుక ఈ వలయం కథ పాఠ్యపుస్తకాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. నా మట్టుకు నేను దానికి పెద్ద బరువు ఇవ్వను.

మాస్టారి ప్రశ్న అడగాల్సిన చోటు ఇదే. నలభై ఏళ్లపాటు అందరూ కొలిచింది ఏమిటి? డీఎన్‌ఏ తెంపులు. రేడియేషన్ అంటే డీఎన్‌ఏకు దెబ్బ, డీఎన్‌ఏకు దెబ్బ అంటే చావు అన్నది మనకు ఒంటబట్టిపోయింది. జెల్ మీద తెంపులు లెక్కపెట్టడమూ వచ్చు. ప్రొటీన్లకు ఏమవుతోందని అడిగినవాళ్లు తక్కువ.

మేరీలాండ్‌లోని బెథెస్డాలో మైకేల్ డేలీ ఆ ప్రశ్న అడిగాడు. ఆయన ముందు పెట్టుకున్న జీవి డైనోకోకస్ ఒక్కటే కాదు. షెవనెల్లా ఒనైడెన్సిస్ అనే ఇంకొక బాక్టీరియా ఉంది. 70 గ్రేలకే అందులో తొంభై శాతం చస్తాయి. 70 గ్రేలకు దాని జన్యుసముదాయంలో సగటున ఒక్క జంట తెంపు కూడా పడదు. మరమ్మత్తు జన్యువులు దానికీ నిండుగానే ఉన్నాయి. అంటే సరిచేసుకోవాల్సింది పెద్దగా ఏమీ లేకుండానే, సరిచేసుకునే సాధనాలు పెట్టుకునే, చచ్చిపోతోంది. డైనోకోకస్ ఎందుకు బతుకుతుందో తెలియాలంటే షెవనెల్లా ఎందుకు చస్తుందో ముందు తెలియాలని డేలీ పట్టుకున్నాడు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఎత్తు అది.

2004లో ఆయన బృందం సైన్స్‌లో ఒక ఫలితం ప్రచురించింది. బాక్టీరియాల్లో మాంగనీస్, ఇనుము కొలిచి చూస్తే, రేడియేషన్‌ను బాగా తట్టుకునేవాటిలో బొత్తిగా తట్టుకోలేనివాటి కన్నా మాంగనీస్ దాదాపు 300 రెట్లు ఎక్కువ, ఇనుము మూడింట ఒక వంతు. 2007లో ఇంకో అడుగు ముందుకేసి, రేడియేషన్ తర్వాత ప్రొటీన్లు ఎంత ఆక్సీకరణ చెందాయో కొలిచారు. షెవనెల్లా లాంటివాటిలో ప్రొటీన్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి. డైనోకోకస్‌లో దాదాపు చెక్కుచెదరలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పేర్లు ఇప్పుడు పనికొస్తాయి. సూపర్ ఆక్సైడ్ వెళ్లి, ఇనుము, గంధకం కలిసి ఉన్న ప్రొటీన్లను దెబ్బతీసి ఇనుమును విడదీస్తుంది. ఆ విడి ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే మళ్లీ హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రేడియేషన్ ఆగినా ఆ మంట ఆగదు. కణంలో ఇనుము ఎక్కువున్నకొద్దీ ఈ గొలుసు బలపడుతుంది. మాంగనీస్ ఇనుములా పెరాక్సైడ్‌తో ఆ పని చేయదు. ఫాస్ఫేట్‌తో, చిన్న పెప్టైడ్లతో కలిసి చిన్న చిన్న సంక్లిష్టాలుగా ఏర్పడి సూపర్ ఆక్సైడ్‌నే తొలగిస్తుంది. ప్రొటీన్లు మిగులుతాయి. మిగిలిన ప్రొటీన్లలో పాలిమరేజ్‌లూ, రెక్‌ఏ కూడా ఉంటాయి. డీఎన్‌ఏ ఎన్ని ముక్కలైనా కూర్చోబెట్టి కలిపేవి మిగిలుంటే పని జరుగుతుంది.

మన దేశంలో ఇదే దారిలో జరిగిన పనిని చెప్పుకోవాలి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో హరి మిశ్రా బృందం, పైరోలోక్వినోలిన్ క్వినోన్ అనే చిన్న అణువు ఇలాంటి రాడికల్స్‌ను తొలగిస్తుందని చూపింది. అక్కడే శ్రీకుమార్ ఆప్టే బృందం వేరే అవసరానికి డైనోకోకస్‌ను వాడింది. ద్రావణంలోని యురేనియంను అవక్షేపంగా దింపే ఎంజైమ్ జన్యువును అందులో పెట్టారు. 2006లో వచ్చిన ఆ పత్రం ప్రకారం ఆరు గంటల్లో తొంభై శాతానికి పైగా యురేనియం కిందికి దిగింది. 6,000 గ్రేలు ఇచ్చాక కూడా ఆ సామర్థ్యం తగ్గలేదు. అణు వ్యర్థాల దగ్గర ఈ.కోలితో ఆ పని చేయించలేం.

మాంగనీసే అంతా అని ఇక్కడితో ముగిస్తే మీకు సగమే చెప్పినట్టవుతుంది. విస్కాన్సిన్‌లో మైకేల్ కాక్స్ బృందం ఈ.కోలిని తీసుకుని, చాలావరకు చచ్చేంత రేడియేషన్ ఇచ్చి, బతికినవాటిని పెంచి, మళ్లీ రేడియేషన్ ఇచ్చి, ఇలా ఇరవై విడతలు నడిపింది. చివరికి వచ్చిన ఈ.కోలి 3,000 గ్రేల దగ్గర దాని పూర్వీకుల కన్నా వెయ్యి రెట్లకు పైగా మెరుగ్గా బతికింది. ఆ శక్తిలో ఎక్కువ భాగానికి కారణమైన మార్పులను వెతికితే అవి మూడు జన్యువుల్లో దొరికాయి: రెక్‌ఏ, డీఎన్‌ఏబీ, వైఎఫ్‌జేకే. మొదటి రెండూ సూటిగా డీఎన్‌ఏ మీద పనిచేసే ప్రొటీన్లవే. అంటే మరమ్మత్తు పనితనాన్నే పదునుపెట్టుకుని కూడా చాలాదూరం వెళ్లవచ్చు. డేలీ, కాక్స్ ఇద్దరిలో ఒకరే సరైనవారని తేల్చమంటే నేను తేల్చను. డైనోకోకస్ విషయంలో మాత్రం ప్రొటీన్ల రక్షణే పునాది, మరమ్మత్తు దాని మీద నిలబడిందని నా అభిప్రాయం. మింటన్ ప్రయోగానికి నాకు కనిపించే తేలికైన వివరణ అదే.

ఇంతకీ ఈ బాక్టీరియాకు ఈ శక్తి ఎందుకు? భూమి మీద సహజంగా అంత రేడియేషన్ ఉన్నచోటు ఏదీ లేదు. కేరళలో కరునాగపల్లి తీరపు ఇసుకలో రేడియేషన్ వెలువరించే మోనజైట్ ఖనిజం ఉంది. మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది. కరునాగపల్లిలో బాగా ఎక్కువున్న చోట్ల ఏడాదికి పదుల మిల్లీగ్రేలు. ఏడాదికి 50 అనుకున్నా 5,000 గ్రేలు తగలడానికి లక్ష ఏళ్లు పడుతుంది. అంత నింపాదిగా తగిలే దెబ్బకు ఇంత సరంజామా అక్కర్లేదు. ఇది అంగారకుడి నుంచి వచ్చిందన్నవాళ్లూ ఉన్నారు. మరమ్మత్తు ఎంజైములన్నీ ఈ.కోలికి చుట్టాలై ఉండగా ఆ వాదన వైపు చూడాల్సిన అవసరం నాకు కనిపించదు.

లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో వాలెరీ మాటిమోర్, జాన్ బటిస్టా 1996లో ఇచ్చిన జవాబు నేల మీదిదే. రేడియేషన్‌కు తట్టుకోలేకుండా పోయిన 41 డైనోకోకస్ రకాలను తీసుకుని ఎండబెట్టి చూశారు. అన్నీ ఎండిపోవడాన్ని కూడా తట్టుకోలేకపోయాయి. కణంలో నీరు ఇంకిపోతే డీఎన్‌ఏ తెగుతుంది, ప్రొటీన్లు ఆక్సీకరణ చెందుతాయి. నెలల తరబడి ఎండి ఉన్న బాక్టీరియా, తొలకరి పడగానే ముక్కలైన డీఎన్‌ఏను కలుపుకుని లేవాలి. ఎండిపోవడాన్ని తట్టుకోవడానికి సంపాదించుకున్న శక్తి రేడియేషన్‌కూ పనికొచ్చింది. రాయలసీమ వేసవి తెలిసినవాళ్లకు ఇది నమ్మశక్యంగానే ఉంటుంది.

డైనోకోకస్ కుటుంబం రకరకాల చోట్ల దొరుకుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం 2004లో వర్ణించిన డైనోకోకస్ ఇండికస్ పశ్చిమ బెంగాల్ భూగర్భజలాల్లోది. ఆర్సెనిక్‌ను తట్టుకుంటుంది. 2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తుదాకా గాలి నమూనాలు తెచ్చింది. అందులో దొరికిన మూడు కొత్త జాతులు అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువుల కన్నా బాగా తట్టుకున్నాయి. అవి డైనోకోకస్‌లు కావు. అయితే పొడి, చలి, కిరణాలు మూడూ ఒకేచోట ఉన్న ఆ ఎత్తులో ఏవి మిగులుతాయో చెప్పడానికి అవి పనికొస్తాయి.

చివరిగా, ప్రొటీన్లనూ డీఎన్‌ఏనూ విడదీసి చూపిన పని ఒకటి. డేలీ బృందం డైనోకోకస్‌ను చూసి పది అమైనో ఆమ్లాల పెప్టైడ్, మాంగనీస్, ఫాస్ఫేట్ కలిపిన మిశ్రమం తయారుచేసింది. 2012లో ఆ మిశ్రమంలో ఒక వైరస్‌ను, వెనెజువెలా గుర్రాల మెదడువాపుకు కారణమైనదాన్ని ఉంచి గామా కిరణాలు ఇచ్చారు. స్టాఫిలోకోకస్ బాక్టీరియాకూ అదే చేశారు. జన్యుపదార్థం ముక్కలైంది, అవి మళ్లీ పెరగలేకపోయాయి. పైపొర ప్రొటీన్లు మాత్రం మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ఆకారంలోనే నిలిచాయి. అలాంటి స్టాఫిలోకోకస్‌ను టీకాగా వేసిన ఎలుకలకు రక్షణ దొరికింది. టీకాలో మనకు కావాల్సింది మరమ్మత్తు జరగకపోవడమే. అందుకని డైనోకోకస్ పద్ధతిలో సగాన్ని, ప్రొటీన్లను కాపాడే సగాన్ని మాత్రమే తీసుకుని, రెండో సగాన్ని బయటే వదిలేశారు.